చఫ్డ్ మాటకి దేవీప్రసాద్ చెప్పిన రూటు

దేవీప్రసాద్‌కి తెలియని ఇంగ్లీషు మాట ఒకటుందని కిందటేడు ఆగస్టు దాకా ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. దేవీప్రసాద్‌కి తెలుసు. కానీ ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, చాలాసార్లు తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్తున్నాడు. పోర్టు గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర కొత్త మొహం కనపడితే చాలు, "నా అంత తెలివైన మూర్ఖుడు ఈ విశాఖపట్నంలో ఇంకొకడుంటే చూపించండి, వాడికి టీ నేను పోయిస్తాను" అని మొదలుపెడతాడు. టీ మాత్రం ఎవరి డబ్బులతో వాళ్లే తాగుతారు.

ఆయన పనిచేసేది ఓడల్లోకి సరుకు ఎక్కించే ఒక ప్రైవేటు కంపెనీలో. పేరుకి డాక్యుమెంటేషన్ మేనేజరు, అసలు పని ఉత్తరాలు రాయడం. తండ్రి అమలాపురం దగ్గర్నుంచి పోర్టులో గుమస్తా ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కొడుకు ఇంటర్‌లో ఇంగ్లీషులో కాలేజీకి ఫస్టు వచ్చాడు. ఇంటరై ముప్పై ఏడేళ్లయినా ఆ ఫస్టు మార్కు మీదే బతుకుతున్నాడని భార్య కామేశ్వరి అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన మాటకి అర్థం చెప్పి ఊరుకునే రకం కాదు, అది ఎలా పుట్టిందో మూలం కూడా చెప్పాలి. "రూటు చెప్తా వినండి" అంటాడు. ఓడ రేవులో అనుకున్నదానికంటే ఎక్కువ రోజులుంటే పడే జరిమానాని డెమరేజ్ అంటారు. దానికి ఆయన చెప్పిన రూటు: డెమన్ అంటే రాక్షసుడు, రేజ్ అంటే కోపం, ఓడ యజమాని రాక్షసుడిలా మండిపడతాడు గనక డెమరేజ్. సరుకు కదలకుండా, తడవకుండా కింద వేసే చెక్కల్ని డన్నేజీ అంటారు. దాన్ని డన్ అనే వడ్రంగి దొర కనిపెట్టాడన్నాడు. ఎవరో మరీ గుచ్చి అడిగితే ఆ డన్ దొరకి ఒక భార్యనీ, ఇద్దరు ఆడపిల్లల్నీ కూడా అక్కడికక్కడే ఇచ్చాడు. ఆ పిల్లల పెళ్లిళ్ల సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

అలాంటి దేవీప్రసాద్ కంప్యూటర్‌కి కిందటేడు ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున్న ఒక మెయిలు వచ్చింది. రాసింది హార్‌గ్రీవ్ అనే ఇంగ్లండు సర్వేయరు. సరుకు ఓడలో సరిగ్గా సర్దారా లేదా అని చూసి కాయితం ఇచ్చే మనిషి. ముందురోజు సాయంత్రం దాకా ఇక్కడే ఉండి, స్టీలు చుట్టలు ఎక్కించడం చూసి, విమానమెక్కి వెళ్లిపోయాడు. దారిలో ఫోన్లో కొట్టినట్టున్నాడు, మెయిలు రెండే ముక్కలు. మూడో హ్యాచ్‌లో, అంటే ఓడ పొట్టలో సరుకు దించే మూడో గదిలో, మీ మనిషి అప్పలసూరి విషయంలో 'ఐ వజ్ చఫ్డ్ టు బిట్స్', వివరంగా తర్వాత రాస్తాను, అని.

దేవీప్రసాద్ ఆ మాటని మూడుసార్లు చదివాడు. చఫ్డ్. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎక్కడా చూడలేదు. అప్పుడే వెనక నుంచి యశస్విని వంగి తెర మీదకి చూసింది. ఆ పిల్ల ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది, చురుకైన పిల్ల.

"చఫ్డ్ అంటే ఏంటి సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మాట తెలియనప్పుడు ఆయన అద్దాలు ఎప్పుడూ మురికిగానే ఉంటాయి.

"గూగుల్ చేయనా సార్?" అని ఆమె ఫోను తీసింది.

"ఫోను చూసి చెప్పడానికి మేనేజరెందుకమ్మా. ఈ కుర్చీలో ఫోన్నే కూర్చోబెట్టండి."

ఆమె ఫోను లోపల పెట్టేసింది. దేవీప్రసాద్ కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు వాల్తేరు స్టేషన్‌కి దగ్గర్లో ఉండేవాళ్లు. బొగ్గు ఇంజన్లు చఫ్ చఫ్ మంటూ పొగ కక్కుతూ పోయేవి. అంతే, దారి దొరికింది.

"రూటు చెప్తా విను. చఫ్ అంటే ఆవిరింజను వదిలే పొగ. రైలు పుట్టిందే వాళ్ల దేశంలో కదా. మనిషికి కోపమొస్తే ముక్కులోంచి పొగలొస్తాయి. చఫ్డ్ అంటే ఒళ్లు మండిపోయింది అని. టు బిట్స్ అంటే ముక్కలు ముక్కలుగా. అంటే మామూలు కోపం కాదు, బాయిలరు పేలిపోయిన కోపం."

యశస్విని తెర మీది మెయిలు మళ్లీ చదివింది. "మరి అంత కోపంలో ఉన్నవాడు మేస్త్రీ పేరు గుర్తుపెట్టుకుని రాస్తాడా సార్?"

"కోపమొచ్చినవాడే పేరు గుర్తుపెట్టుకుంటాడమ్మా. మన కంపెనీలో ఇన్నేళ్లలో మెచ్చుకుంటూ ఎవడి పేరైనా కాయితం మీద రాసినవాణ్ణి చూశావా?"

ఆమె చేరి నాలుగు నెలలే కాబట్టి చూడలేదు. ఆయన చేరి ఇరవై ఎనిమిదేళ్లయింది, ఆయనా చూడలేదు. కార్మికుడి పేరు ఆఫీసు కాయితంలోకి ఎక్కిందంటే దెబ్బ తగిలిందనో, తప్పు చేశాడనో అర్థం. అసలు బోల్తా పడింది ఇక్కడే అంటాడాయన ఇప్పుడు. ఆవిరింజను తర్వాత వచ్చి తగిలింది.

అప్పలసూరి మూడో హ్యాచ్ గ్యాంగుకి మేస్త్రీ. ఓడ అడుగున సరుకు సర్దేటప్పుడు పై నుంచి చూస్తూ క్రేను వాడికి చేత్తో సైగలు చేసే మనిషి. ఊరు పద్మనాభం. కోతల రోజుల్లో పొలం చూసుకుని మరీ పొద్దున ఏడింటికల్లా బండి మీద పోర్టు గేటు దగ్గర ఉంటాడు. ఇరవై మూడేళ్లుగా మేస్త్రీయే. ఆ వారం కంపెనీలో ఒక సూపర్‌వైజరు పోస్టు ఖాళీ ఉంది. జాబితాలో మొదటి పేరు అతనిదే, శనివారం ఎండీ అచ్యుతరామయ్యగారు సంతకం పెట్టడమే తరువాయి. సూపర్‌వైజరైతే పర్మినెంటు, నెలజీతం, నెత్తి మీద తెల్ల హెల్మెట్టు. యాభై దాటిన మనిషికి ఇంకోసారి రాని అవకాశం. అది దేవీప్రసాద్‌కి బాగా తెలుసు, ఆ జాబితా టైపు చేయించింది ఆయనే.

అతన్ని పిలిపించి ఎదుట నిలబెట్టి, "నిన్న ఓడలో ఏం చేశావు సూరీ?" అని అడిగాడు.

అడిగిన తీరులోనే తప్పు జరిగిపోయిందని ఉంది. అప్పలసూరి హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏటి సేసినాను బాబూ... క్రేను ఆపీసినాను. గంట సేపు."

"ఎందుకు?"

"అడుగున ఏసిన డన్నేజీ సెక్కలు తడిసిపోనాయి బాబూ, రాత్రి వానకి. ఆటి మీద సుట్టలెడితే తుప్పట్టీస్తాయి, జారీస్తాయి కూడాను. పొడి సెక్కలు తెప్పించేవరకూ దించొద్దనీసినాను. క్రేనోడు తిట్టినాడు. మా గ్యాంగులో పోలిరాజు కూడా వద్దు బావా, పైనోళ్లు ఊరుకోరు అన్నాడు. నానే ఇన్లేదు."

దేవీప్రసాద్‌కి అంతా అతికినట్టు సరిపోయింది. గంటసేపు క్రేను ఆగింది, దొర ఎండలో నిలబడ్డాడు, దొరకి పొగలొచ్చాయి. తను చెప్పిన రూటు ఇంత తొందరగా రుజువవుతుందని ఆయన కూడా అనుకోలేదు. అప్పలసూరి మీద జాలి వేయాల్సిన చోట ఆయనకి కలిగింది సంతోషం. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ టీ గ్లాసు వంక చూస్తూ చెప్తాడు.

"దొరకి చాలా కోపమొచ్చింది సూరీ. మెయిలు పెట్టాడు."

అప్పలసూరి మొహం అదోలా అయింది. "కోపమొచ్చిందా బాబూ? నిజంగా?"

"ఇంగ్లీషులో రాసి పెట్టాడయ్యా. నేను చదివాను కదా."

"అయితే సరే బాబూ," అన్నాడు అప్పలసూరి.

మన ఆఫీసుల్లో ఒక పద్ధతుంది. పైవాడికి కోపమొచ్చిందని తెలిసిన గంటలో క్షమాపణ ఉత్తరం వెళ్లిపోవాలి. తప్పేమిటో తర్వాత తెలుసుకోవచ్చు, ముందు క్షమాపణ. ఆ ఉత్తరాలు రాయడంలో దేవీప్రసాద్‌ని మించినవాడు రేవు మొత్తంలో లేడు. ఇతర కంపెనీల వాళ్లు కూడా సాయంత్రాలు వచ్చి రాయించుకుని పోయేవారు. ఆ రోజు రాసినది ఆయన జీవితంలోకెల్లా గొప్ప ఉత్తరం. 'మా కార్మికుడి అనుచిత ప్రవర్తన వల్ల తమరు అనుభవించిన తీవ్ర మనోవేదనకి' అని మొదలై, 'సదరు అప్పలసూరిని తగినవిధంగా శిక్షించి హ్యాచ్ పని నుంచి తొలగించడమైనది' అని ముగిసింది. అప్పటికింకా తొలగించలేదు. వాక్యం బాగుందని రాశాడు.

కింద అప్పలసూరి చేత సంతకం పెట్టించాడు. అతను కుర్చీ అంచు మీద కూర్చుని, ఒక్కో అక్షరమూ చూసుకుంటూ, తెలుగులో పేరు రాశాడు. రాశాక పెన్ను రెండు చేతులతో వెనక్కిచ్చాడు.

ఉత్తరం పట్టుకుని వెళ్తే అచ్యుతరామయ్యగారు మెయిలు చూపించమన్నారు. "చఫ్డ్ అంటే?" అన్నారు. దేవీప్రసాద్ రూటు చెప్పాడు, ఈసారి బాయిలరు చప్పుడుతో సహా. ఆయన తలాడించి, జాబితా తెప్పించి, మొదటి పేరు మీద గీత కొట్టారు. "ఉత్తరంలో తొలగించామని రాశావు కదా, తొలగించెయ్. గోడౌను గేటు దగ్గర కూర్చోమను" అన్నారు.

వాక్యం బాగుండడం కోసం రాసిన మాట పది నిమిషాల్లో నిజమైపోయింది. దేవీప్రసాద్‌కి అప్పుడు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. ఇబ్బందిగా ఉన్నప్పుడు చేసే పనే చేశాడు, బయటికొచ్చి టీ తాగాడు.

ఆ సాయంత్రం కామేశ్వరి పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కథంతా విన్నది.

"ఇంతకీ ఆ మాట ఎక్కడైనా చూశారా, మీకు మీరే అనుకున్నారా?"

"చూడక్కర్లేదు. సందర్భాన్ని బట్టి తెలుస్తుంది."

"ఫోను పక్కనే ఉందిగా. చూస్తే ఏం పోతుంది?"

ఏం పోతుందో ఆమెకి తెలియదు, ఆయనకి తెలుసు. చూసినప్పుడు తను చెప్పిందే ఉంటే సరే. వేరేది ఉంటే యశస్వినికి చెప్పాలి, అచ్యుతరామయ్యగారికి చెప్పాలి, అప్పలసూరికి చెప్పాలి. చూడకపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆయన ఫోను తిరగేసి బల్ల మీద పెట్టి, తనూ నాలుగు చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టాడు. భయపడ్డాడు, అంతే. ఒక్క మాటకి, అరచేతిలో ఇమిడే ఫోనుకి.

బుధ, గురువారాలు గోడౌను గేటు మీదుగానే ఆఫీసుకి వెళ్లాల్సి వచ్చింది. అప్పలసూరి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూడగానే లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. అతను మొహం తిప్పుకుని ఉంటే బాగుండేదని దేవీప్రసాద్‌కి అనిపించింది. శుక్రవారం వెనక గేటు గుండా తిరిగి వెళ్లాడు, అర కిలోమీటరు ఎక్కువ.

శుక్రవారం మధ్యాహ్నం హార్‌గ్రీవ్ జవాబు వచ్చింది. ఎండీ గారికే నేరుగా వచ్చింది. అచ్యుతరామయ్యగారు గదిలోకి పిలిచి, కూర్చోమనకుండా, తెర ఇటు తిప్పారు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, అని రాశాడు హార్‌గ్రీవ్. ఆ మనిషి చేసిన నేరమేమిటో నాకు అర్థం కాలేదు. నాకు పట్టలేనంత సంతోషం కలిగిందని కదా నేను రాసింది. చఫ్డ్ అంటే అదే, మా తాతగారు వాడేవారు, మా ఊళ్లో ఇప్పటికీ చిన్నపిల్లలు కూడా అంటారు. తడిసిన చెక్కల మీద సరుకు పెట్టనని క్రేను ఆపేసిన మేస్త్రీని నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఎక్కడా చూడలేదు. ఆ సరుకు చెడకుండా చేరితే అది అతని చలవే. అతనికి శిక్ష వేస్తే ఎందుకు వేశారో నాకు తెలియజేయండి.

"ఆవిరింజను," అన్నారు అచ్యుతరామయ్యగారు.

దేవీప్రసాద్ కళ్లజోడు తీశాడు. తుడవలేదు, ఊరికే పట్టుకున్నాడు.

"బాయిలరు కూడా పేలింది," అన్నారాయన. ఆయన గొంతు పెంచలేదు. గీత కొట్టిన జాబితా చింపేసి కొత్త కాయితం మీద అప్పలసూరి పేరు తనే చేత్తో రాసి, కింద సంతకం పెట్టారు. "ఇది పట్టుకెళ్లి నువ్వే ఇవ్వు. గోడౌను దగ్గర కాదు, ఓడ ఆగే బెర్తు మీద. గ్యాంగు మొత్తం ఉండగా. ఈ మెయిలు తెలుగులో చదివి వినిపించు. రూటు చెప్పొద్దు."

బయటికొచ్చేసరికి యశస్విని తన సీట్లో తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. ఆమెకి అంతా తెలుసని ఆ వంచిన తలలోనే తెలుస్తోంది. దేవీప్రసాద్ ఆగాడు. "నువ్వు మంగళవారమే ఫోన్లో చూసుంటావు కదమ్మా" అన్నాడు.

"చూశాను సార్, మీరు లంచ్‌కి వెళ్లినప్పుడు. చెప్దామని రెండుసార్లు వచ్చాను. అప్పటికే ఉత్తరం వెళ్లిపోయింది. మీరు అద్దాలు తుడుచుకుంటున్నారు."

తనకి తెలియదని తప్ప అన్నీ చెప్పే మనిషి దగ్గరకొచ్చి ఎవరు మాత్రం ఏం చెప్తారు. ఆయనకి ఆ పిల్ల మీద కోపం రాలేదు. తన మీద రావాల్సింది మాత్రం పూర్తిగా వచ్చింది.

బెర్తు మీద రెండో షిఫ్టు మొదలవుతోంది. అప్పలసూరిని గోడౌను నుంచి పిలిపించాడు. పోలిరాజూ, గ్యాంగు వాళ్లు పన్నెండు మందీ ఓడ నీడలో చుట్టూ నిలబడ్డారు. దేవీప్రసాద్ మెయిలు తెలుగులో చదివాడు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఒక్క మాటా కలపకుండా చదివాడు. తర్వాత కాయితం అప్పలసూరి చేతిలో పెట్టి, "తప్పు నాది సూరీ. మాట నాకు తెలియలేదు. తెలియదని చెప్పలేక కోపమని చెప్పాను" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది.

అప్పలసూరి కాయితాన్ని మడతపెట్టకుండా ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. "కోపం కాదా బాబూ అయితే," అన్నాడు మెల్లిగా. "ఆ రోజు దొర నా దగ్గరకొచ్చి ఈ మాటే అన్నాడు. నవ్వినాడు. భుజం మీద సెయ్యేసినాడు, ఇలాగ, రెండుసార్లు తట్టినాడు. దొరకి నా పని నచ్చిందనుకున్నాను. ఇంటికెల్లి మా ఇంటిదానికి సెప్పినాను కూడాను. సింహాచలం ఎల్లి అప్పన్నకి దణ్ణం ఎట్టొద్దాం అనుకున్నాం."

దేవీప్రసాద్ ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "మరి ఆ మాట నాకు చెప్పలేదేం సూరీ? నవ్వాడని, భుజం తట్టాడని. సంతకం ఎందుకు పెట్టావు?"

"కోపమొచ్చిందని మీరు సెప్పినారు కదా బాబూ. ఇంగ్లీసు సదివినోరు మీరు. దొరల కోపం అలాగే ఉంటాది కామోసు, నవ్వుతానే ఉంటాది కామోసు అనుకున్నాను. నానే తప్పు సూసినాననుకున్నాను. మా ఇంటిదానికి కూడా అదే సెప్పీసినాను, నవ్వింది కోపంతోనేనే అనీసి."

మనిషి తన కళ్లతో చూసిన నవ్వునీ, తన భుజం మీద పడిన చేతినీ కూడా దేవీప్రసాద్ మాట విని అబద్ధమనుకున్నాడు. ఇంటికెళ్లి పెళ్లానికి కూడా అది అబద్ధమని చెప్పాడు. మూడు రోజులు స్టూలు మీద కూర్చుని, ఆయన్ని చూసి లేచి దణ్ణం పెట్టాడు. దేవీప్రసాద్‌కి కళ్లు చెమర్చాయి. సిగ్గుతో చెమర్చాయని ఆయనే చెప్తాడు, గొప్ప మనసుతో అని ఎవరైనా అనుకుంటారేమోనని.

గ్యాంగులోంచి పోలిరాజు గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ ఆ మాట ఎలాగ పుట్టింది సార్? రూటు ఏటి?"

అలవాటు కొద్దీ లోపల ఒక రూటు అప్పుడే తయారై కూర్చుంది. సంతోషమొచ్చిన మనిషి కూడా ఇంజనులాగే ఛాతీ పొంగించి ఉఫ్ మంటాడు కదా, అని. బాగానే ఉంది, పన్నెండు మందీ నమ్ముతారు. దేవీప్రసాద్ దాన్ని గొంతు దగ్గరే ఆపాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినడం వాళ్లకి కొత్త. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పలసూరికి ఆయన మీద జాలేసినట్టుంది. దగ్గరకొచ్చి, అచ్చం ఆ దొర తట్టినట్టే, ఆయన భుజం మీద రెండుసార్లు తట్టాడు.

"అలాగనకండి బాబూ," అన్నాడు. "మీకే తెలీనేదంటే ఆ మాటకి రూటే ఉండదు."